అబ్బరాజు పరబ్రహ్మం, 1962

మా విశ్వవిద్యాలయంలో అందరికంటే ఎక్కువమంది ఉటంకించిన పండితుడు అబ్బరాజు పరబ్రహ్మం గారు. రసాయనశాస్త్రం వాళ్ళు ఆయన్నే చూపించారు, వాణిజ్యశాస్త్రం వాళ్ళు ఆయన్నే చూపించారు. ఆయన్ని పుట్టించింది నేను. ఒక బుధవారం, భోజనాల వేళకి కాస్త ముందు, ఉదాహరణకి ఏమీ తోచక పుట్టించాను.

నా పేరు పేరి సోమయాజులు. తెలుగు శాఖలో అసోసియేట్ ప్రొఫెసర్ని. సామెతల్లో గుమ్మడికాయ ప్రస్తావన మీద ఒక పుస్తకం రాశాను. దాన్ని ఇంతవరకు ఎవరూ ఎక్కడా ఉటంకించలేదు. ఒకసారి ఒక విద్యార్థిని ఉటంకించబోయి ఇంటిపేరు తప్పు రాసింది. ఆ గౌరవం పక్క జిల్లాలో ఉన్న ఇంకో సోమయాజులు గారికి పోయింది. ఆయన నాకు ఫోన్ చేసి, గుమ్మడికాయతో తనకేమీ సంబంధం లేదని చాలా గట్టిగా చెప్పారు.

ఇలాంటి రోజుల్లో మాకు కొత్త వైస్ చాన్సలర్‌గా ఆచార్య విశ్వపతి గారు వచ్చారు. వచ్చిన వారంలోనే ఒక సర్క్యులర్ వచ్చింది. "ఆధారము లేని వాక్యము పునాది లేని భవనము వంటిది. కావున ఇకమీదట విశ్వవిద్యాలయ పరిధిలో వ్రాయబడు ప్రతి వాక్యమునకు ఒక రిఫరెన్సు ఉండవలెను. సదరు రిఫరెన్సు విశ్వవిద్యాలయము సమకూర్చిన సాఫ్ట్‌వేర్ ద్వారా మాత్రమే చేర్చబడవలెను. ఉల్లంఘించిన యెడల సిద్ధాంత గ్రంథములు ఆధార రహితములుగా పరిగణింపబడును."

ఆ సాఫ్ట్‌వేర్‌లో అందరికీ కలిపి ఒక లైబ్రరీ ఉంటుంది. అందులో పుస్తకం పేరు, రచయిత, సంవత్సరం, ప్రచురణకర్త అని గళ్ళుంటాయి. ఒకసారి అవి నింపితే చాలు, తర్వాత ఎవరు ఏ కాగితం రాసుకుంటున్నా బటన్ నొక్కగానే ఆ వివరాలు వాక్యం పక్కన కుండలీకరణాల్లో వచ్చి కూర్చుంటాయి. చివర గ్రంథసూచి కూడా అదే తయారు చేస్తుంది. మంచి వస్తువే. మంచి వస్తువుని మా చేతికి ఇవ్వడంలోనే చిక్కు వచ్చింది.

ఈ సాఫ్ట్‌వేర్‌కి ఒక సమన్వయాధికారి కావలసి వచ్చింది. ఎవరిని వేయాలో తేల్చే సమావేశానికి నేను వెళ్ళలేదు. అందుకని నన్ను వేశారు.

శిక్షణ తరగతి సెమినార్ హాల్లో పెట్టారు. అన్ని శాఖల వాళ్ళూ వచ్చారు. నేను తెర మీద గళ్ళు చూపిస్తూ, కొత్త రిఫరెన్సు ఎలా చేర్చాలో చెప్పబోయాను. ఉదాహరణకి ఏదైనా పుస్తకం పేరు కొట్టాలి. నిజం చెప్పాలంటే, తెలుగు ఆచార్యుణ్ణి అయ్యుండీ ఆ క్షణంలో నాకు నా గుమ్మడికాయ పుస్తకం తప్ప ఒక్కటీ గుర్తు రాలేదు. అది కొడితే జనం నవ్వుతారు. ఆకలి వేస్తోంది. రచయిత గడిలో అబ్బరాజు పరబ్రహ్మం అని కొట్టాను. పుస్తకం పేరు సకల విషయ సమాలోచనం. సంవత్సరం 1962. ప్రచురణకర్త గడిలో స్వీయ ప్రచురణ అన్నాను. పుటలు అన్న చోట ఏం రాయాలో తోచక "అన్నీ" అని రాశాను. భద్రపరచు అన్న బటన్ ఎలా నొక్కాలో చూపించడానికి దాన్ని నొక్కాను కూడా. భోజనానికి గంట కొట్టారు. అందరూ లేచారు.

తర్వాత దాన్ని తీసేద్దామని కూర్చుంటే తెలిసింది, తొలగించడానికి రిజిస్ట్రార్ అనుమతి ఉండాలని. రిజిస్ట్రార్ మృత్యుంజయరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పని మీద నమ్మకం ఉన్న మనిషి కాదు గానీ, పద్ధతి మీద చాలా నమ్మకం ఉన్న మనిషి.

"అలాంటి పుస్తకం లేదండీ. నేనే ఊరికే రాశాను. తీసేయాలి" అన్నాను.

"లేదని మీరంటున్నారు. బాగానే ఉంది. దానికి రిఫరెన్సు?"

"లేనిదానికి రిఫరెన్సు ఎక్కడి నుంచి వస్తుందండీ."

"అదే నేనూ అంటున్నా. ఫలానా పుస్తకం లేదు అనేది ఒక వాక్యం. సర్క్యులర్ ప్రకారం ప్రతి వాక్యానికీ ఆధారం ఉండాలి. ఆ పుస్తకం లేదని రాసిన పుస్తకం ఏదైనా పట్టుకురండి, వెంటనే సంతకం పెడతా."

నేను వెనక్కి వచ్చేశాను. పట్టుబట్టి వాదించవచ్చు. కాని రిజిస్ట్రార్లతో వాదించడం నా స్వభావంలో లేదు, వైస్ చాన్సలర్లతో అసలే లేదు.

అకారాది క్రమంలో అబ్బరాజు వారిది లైబ్రరీలో మొదటి పేరు. రిఫరెన్సు కోసం బటన్ నొక్కిన ప్రతివాళ్ళకీ ముందు ఆయనే కనిపించేవారు. పైగా పుస్తకం పేరు సకల విషయ సమాలోచనం. అందులో లేని విషయం ఏముంటుంది? పుటలు అన్నీ. ఏ పుట అని అడిగేవాడు కూడా లేడు. చూస్తుండగానే రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ తెగులు (అబ్బరాజు, 1962) అయింది. బ్యాంకుల విలీనం (అబ్బరాజు, 1962) అయింది. హాస్టల్లో నీళ్ళు రావడం లేదని పిల్లలు ఇచ్చిన అర్జీ కింద కూడా ఆయన పేరే ఉంది. నాకు జ్వరం వస్తే సెలవు చీటీ రాశాను. జ్వరం అన్న మాట పక్కన ఆధారం లేదని ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు. డాక్టరు చీటీ పెడదామంటే అది సాఫ్ట్‌వేర్‌లో లేదు. అబ్బరాజు పేరు పెట్టాను. వెంటనే మంజూరైంది.

ఈ గొడవలో చిక్కుకున్నది దారా సువార్త. ఆ అమ్మాయి నా దగ్గర పరిశోధక విద్యార్థిని. సముద్రం ఒడ్డున ఉప్పుమడుల్లో పనిచేసే ఆడవాళ్ళ పాటల మీద సిద్ధాంత గ్రంథం రాసింది. ఉప్పుమళ్ళున్న ఊళ్ళన్నీ తిరిగి, మళ్ళలో నిలబడి, ఫోన్‌లో పాటలు పట్టుకొచ్చింది. వాటిలో చాలా భాగం పాడింది ఆమె మేనత్త పాలేటి దీనమ్మ. గైడుగా నేను ప్రతి అధ్యాయం మీదా "బాగుంది" అని రాసి సంతకం పెట్టాను.

గ్రంథం సమర్పిస్తే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తిరిగి వచ్చింది. మీద ఎర్ర సిరాతో "ఆధార రహితం" అని ముద్ర.

సువార్త దాన్ని నా బల్ల మీద పెట్టి కూర్చుంది. ఎర్ర ముద్ర మీద వేలు పెట్టింది.

"పాట ఎవరు పాడారో, ఏ ఊళ్ళో పాడారో అన్నీ రాశాను సార్. మా అత్త పేరు సాఫ్ట్‌వేర్‌లో లేదంట. పుస్తకం రాయని మనిషి ఆధారం కాదంట."

"కొత్తగా చేర్పిద్దాం" అన్నాను.

"అడిగాను సార్. ఆ శిక్షణ రోజు తర్వాత నుంచి కొత్త పేరు చేర్చాలంటే స్థాయీ సంఘం ఒప్పుకోవాలంట. సంఘం వచ్చే ఏడు కూర్చుంటుందంట. డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగానికి పిలుపు వచ్చింది సార్ నాకు. ఈ నెలాఖరుకి పట్టా చూపించకపోతే ఆ పోస్టు ఇంకొకళ్ళకి పోద్ది."

ఆమెని తీసుకుని మృత్యుంజయరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన గ్రంథం పేజీలు తిప్పి, చాలా దయగా మాట్లాడారు.

"ఇంత కష్టపడిందమ్మాయి. ఒక్క చిన్న పని చేస్తే సరిపోతుంది కదండీ. ఉప్పు మీద పరబ్రహ్మం గారు ఏమీ అనలేదా?"

"ఆయన అన్ని విషయాల మీదా అన్నారు" అన్నాను.

"మరింకేం. పాటల కింద ఆయన పేరు పెట్టించండి. మధ్యాహ్నానికి ముద్ర తీసేస్తాను."

బయట వరండాలో నేను సువార్తకి నచ్చజెప్పాను. లోకం తీరు చెప్పాను. తాత్కాలికంగా అన్నాను, సాంకేతికంగా అన్నాను. పిరికివాడి నోట్లో ఈ రెండు మాటలూ ఎంత బరువుగా ఉంటాయో అప్పుడు గమనించాను.

ఆమె అంతా విని, "మా అత్త పాట ఎవరో పరబ్రహ్మం రాశాడని నా చేత్తో నన్నే రాయమంటారా సార్?" అంది.

టీ తాగుదామా అన్నాను. వద్దని వెళ్ళిపోయింది.

ఇంతలో వైస్ చాన్సలర్ గారి నుంచి పిలుపు వచ్చింది. ఆయన బల్ల మీద సాఫ్ట్‌వేర్ ఇచ్చిన నివేదిక ఉంది. ఏ రచయితని ఎంతమంది ఉటంకించారో అందులో గీతలు గీసి చూపించారు. మొదటి గీత కాగితం అంచు దాటిపోయి పక్క కాగితం మీదికి వెళ్ళింది.

"సోమయాజులు గారూ, ఇంత మహానుభావుడు మన ప్రాంతంలో పుట్టి, మనకి తెలియకుండా ఉండిపోవడం ఏమిటండీ. ఇది మన వ్యవస్థాగత వైఫల్యం. దీన్ని మనం ఒక సదవకాశంగా మలుచుకోవాలి."

ఇక దాచడం తప్పనిపించింది. "అయ్యా, పరబ్రహ్మం గారు లేరండీ" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "ఎప్పుడు పోయారు?"

"పోవడం కాదండీ. పుట్టలేదు. శిక్షణ తరగతిలో ఉదాహరణకి నేనే కల్పించాను."

విశ్వపతి గారు నన్ను చూశారు. కోపంగా కాదు, జాలిగా చూశారు.

"మీ బాధ నాకు అర్థమైంది. మీరు కూడా ఒక పుస్తకం రాశారని విన్నాను. దోసకాయ మీద కదూ?"

"గుమ్మడికాయండీ."

"అదే. సాటి రచయితకి ఇంత పేరు వస్తుంటే మనసు చివుక్కుమంటుంది. సహజం. కానీ ఆయన్ని లైబ్రరీలో మొట్టమొదట చేర్చింది మీరేనని రికార్డు చెబుతోంది. ఒక మహా పండితుణ్ణి వెలికితీసిన ఘనత మీది. ఆ వినయం కూడా మీకే చెల్లింది. పరబ్రహ్మం అధ్యయన పీఠం పెడుతున్నాం. మీరే దానికి గౌరవ సంచాలకులు."

నేను మళ్ళీ లేరని చెప్పబోయాను. పీఠానికి ఏసీ గది ఉంటుందని ఆయన అన్నారు. మా శాఖలో నా గది పడమటి ఎండకి తెరుచుకుని ఉంటుంది. నేను ఆగి ఆలోచించాను. ఆలోచించడం మొదలుపెట్టిన మనిషి ఎటు పోతాడో మీకు తెలుసు.

ఆ గదిలో కూర్చుని పరబ్రహ్మం గారి జీవితచరిత్ర రాయడం మొదలుపెట్టాను. ఆయనకి చిన్నతనంలోనే తల్లి పోయినట్టు రాసి, నిజంగా బాధపడ్డాను. పీఠం తరఫున పెట్టే స్మారకోపన్యాసం రోజుకి ఫ్లెక్సీ కావాలని, ఆయన ఎలా ఉండేవారో చెప్పమని బొమ్మలు వేసే ఆయన్ని పంపించారు. విశాలమైన నుదురు అన్నాను, తీర్చినట్టున్న ముక్కు అన్నాను, లోతైన కళ్ళు అన్నాను. బొమ్మ పూర్తయ్యాక చూస్తే, తలపాగా పెట్టుకున్న నేనే. ఫ్లెక్సీ గేటు దగ్గర కట్టారు. దారిన పోయేవాళ్ళు దణ్ణం పెడుతుంటే నాకు బాగానే ఉండేది.

ఒకరోజు సువార్త ఆ గదికి వచ్చింది. గది చల్లదనం చూసింది, గోడ మీద బొమ్మ చూసింది, నన్ను చూసింది. వాటి గురించి ఒక మాట అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

"పట్టాకి ఇంక వారమే ఉంది సార్. ఒక్క మాట అడగాలని వచ్చాను" అంది. "లైబ్రరీలో పేరు చేర్చాలంటే సంఘం కావాలి. తీసేయాలంటే రిజిస్ట్రార్ గారు కావాలి. దిద్దాలంటే ఎవరు కావాలి?"

"దిద్దడానికి ఎవరూ అక్కర్లేదు. అచ్చుతప్పులు సవరించడానికి సమన్వయాధికారికి అధికారం ఉంది."

"అంటే మీరే."

"నేనే."

"అయితే పరబ్రహ్మం గారిని దిద్దండి సార్."

"ఎంతవరకు?"

"మొత్తం."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక భయం వేసింది. ఏసీలో కూడా చెమట పట్టింది. పీఠం పోతుంది, బొమ్మ పోతుంది, సగం రాసిన జీవితచరిత్ర పోతుంది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను.

సువార్త అంది, "ఆయన లేడు గదా సార్. ఖాళీ కుర్చీలో మా అత్తని కూర్చోబెట్టమంటన్నా. ఉన్న మనిషిని."

ఎందుకో తెలియదు, ఆ మాటకి నా చెయ్యి కంప్యూటర్ మీదికి పోయింది. ధైర్యం అనను. ఆ పిల్ల నన్ను సార్ అని పిలుస్తూనే ఉంది, అది తట్టుకోలేకపోయాను అంటే సరిగ్గా ఉంటుంది. రచయిత గడిలో అబ్బరాజు పరబ్రహ్మం చెరిపి పాలేటి దీనమ్మ అని కొట్టాను. పుస్తకం పేరు ఉన్న చోట ఉప్పుమడి పాటలు అన్నాను. సంవత్సరం 2022 అని మార్చాను. స్వీయ ప్రచురణ అన్నది మాత్రం అలాగే ఉంచమంది సువార్త. "అది నిజమే గదా సార్" అంది. పుటలు అన్నీ అన్నది కూడా ఉంచాం.

ఆ రిఫరెన్సుతో సువార్త గ్రంథం మళ్ళీ సమర్పించింది. సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంది.

అయితే లైబ్రరీలో ఒక చోట దిద్దితే, ఆ రిఫరెన్సు వాడుకున్న ప్రతి కాగితంలోనూ అదే మారిపోతుంది. ఈ సంగతి సాఫ్ట్‌వేర్‌తో ఇచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. నేను శిక్షణ ఇచ్చేవాణ్ణి కాబట్టి చదవలేదు.

మర్నాడు పొద్దున రిజిస్ట్రార్ గారు ఫోన్ చేశారు. ఆయన గొంతులో మొదటిసారి పద్ధతి తప్పింది.

"సోమయాజులు గారూ, పరబ్రహ్మం గారు ఏమైనా పేరు మార్చుకున్నారా?"

రసాయనశాస్త్రం వాళ్ళ పత్రాల్లో (పాలేటి, 2022). రొయ్యల తెగులు కింద (పాలేటి, 2022). బ్యాంకుల విలీనం, హాస్టల్ నీళ్ళు, వైస్ చాన్సలర్ గారి ప్రారంభోపన్యాసం, అన్నిటికీ ఆధారం పాలేటి దీనమ్మే. విశ్వపతి గారి గదిలో నేనూ రిజిస్ట్రారూ నిలబడ్డాం. నా ఉద్యోగం ఎంతసేపు ఉంటుందో లెక్క వేసుకుంటున్నాను.

విశ్వపతి గారు నివేదికని అటూ ఇటూ తిప్పారు. "మన సాఫ్ట్‌వేర్ పొరబడదు. పొరబడింది మనం" అన్నారు చివరికి. "ఇంతకాలం ఒక విదుషీమణి కృషిని ఎవరో పరబ్రహ్మానికి అంటగట్టాం. చారిత్రక అన్యాయం. సరిదిద్దుకుందాం. ఈ దీనమ్మ గారు ఏ కాలం వారు?"

"బతికే ఉన్నారండీ. ఉప్పుమళ్ళలో పనిచేస్తారు. మా విద్యార్థిని మేనత్త" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. "సజీవ ఆధారం. సోమయాజులు గారూ, దేశంలో ఏ విశ్వవిద్యాలయానికీ ఇలాంటి సదుపాయం లేదు. ఆమెను సగౌరవంగా పిలిపించండి. మన పత్రాలన్నిటినీ ఆమె స్వయంగా ధ్రువీకరిస్తారు. మన విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే బృందం వచ్చేలోపు పూర్తి కావాలి."

దీనమ్మ శుక్రవారం సువార్తతో కలిసి వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టి ఉందని, మడిలో పని లేదు కాబట్టే వచ్చానని చెప్పింది. ఉతికిన నేతచీర కట్టుకుంది. మడమలు ఉప్పుకి పగిలి ఉన్నాయి. ఆమెకి సెనేట్ హాల్లో పెద్ద కుర్చీ వేశారు. అన్ని శాఖల అధిపతులూ వచ్చారు. బల్ల మీద పత్రాలు గుట్టగా పెట్టి, పక్కన వేలిముద్రకి సిరా పెట్టె కూడా ఉంచారు.

"ఆ పెట్టె ఎందుకయ్యా, సంతకం చేస్తా" అంది దీనమ్మ.

మృత్యుంజయరావు గారు వినయంగా వంగి, "మీరేం కష్టపడక్కర్లేదమ్మా. ఇవన్నీ మీరు అన్న మాటలే. అన్నానని ఒక్క సంతకం పెడితే చాలు" అన్నారు.

"నేనా? ఏమన్నా?"

"చదివి వినిపించు" అన్నట్టు విశ్వపతి గారు సువార్త వైపు చూశారు. సువార్త పై కాగితం తీసింది.

"అత్తా, రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వైరస్ వల్ల వస్తదని అన్నావంట."

"నేనెప్పుడన్నానే. చెరువులోళ్ళు అనుకుంటంటే ఇన్నా. వాళ్ళనడగండి."

"బ్యాంకులు కలిపేస్తే ఖాతాదారులకి లాభమని అన్నావంట."

దీనమ్మ నవ్వింది. "మా ఊరి బ్యాంకు తీసేశారు గదా. పింఛనుకి ఆటోలో పోతన్నా. నేనట్టా ఎందుకంటా."

రిజిస్ట్రార్ గారు గొంతు తగ్గించి, "అమ్మా, ఊరికే ఊ అంటే సరిపోద్ది" అన్నారు.

"అనని మాటకి ఊ అంటే, రేపు ఎవురైనా వచ్చి అడిగితే నేనేం చెప్పాలయ్యా? అప్పుడు మీరు నా పక్కన ఉంటారా?"

పరబ్రహ్మం గారిలో ఉన్న గొప్ప సుగుణం ఏమిటో అందరికీ ఆ క్షణంలో తెలిసి ఉంటుంది. ఆయన ఎవరు ఏమన్నా కాదనలేదు. ఈమె బతికుంది. అడిగితే కాదంటోంది.

కాగితం తర్వాత కాగితం పక్కకి పోయింది. విద్య జాతికి వెన్నెముక అని తాను అన్నట్టు వైస్ చాన్సలర్ గారి ఉపన్యాసంలో ఉందంటే, ఎప్పుడూ అనలేదని చెప్పింది. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. మధ్యలో నా సెలవు చీటీ వచ్చింది. సువార్త ఒక్క క్షణం ఆగి చదివింది. దీనమ్మ నా వైపు తిరిగి, పైనుంచి కింది దాకా చూసింది.

"ఈ సారుకి జరం వచ్చిందో రాలేదో నాకెట్టా తెలుసు. నేను చూళ్ళేదు గదా" అంది.

నాకు నిజంగానే జ్వరం వచ్చింది. ఆ మాట ఆ హాల్లో ఎవరూ నమ్మలేదు. ఆ సెలవుని తర్వాత జీతం లేని సెలవు కింద రాసుకున్నారు.

చిట్టచివర సువార్త తన గ్రంథం తీసింది. ఇది కూడా కాదంటే ఇంక చేసేదేమీ లేదు. పాట చదవబోతే దీనమ్మ ఆపింది.

"చదివితే నాకేం తెలుస్తది. పాడు."

సువార్త అంతమంది అధిపతుల ముందు, గొంతు సవరించుకుని పాడింది.

"తెల్లని పంటమ్మ తెల్లని పంట
నాగలి దున్నని తెల్లని పంట
వానొస్తే పోయేటి తెల్లని పంట..."

"ఆగాగు" అంది దీనమ్మ. "పోయేటి కాదే. పోయింది మళ్ళా వస్తదేమో, కరిగింది రాదు. కరిగేటి. వానొస్తే కరిగేటి తెల్లని పంట. దిద్దుకో. మిగతాదంతా నేను పాడిందే." కలం తీసుకుని, గ్రంథం చివర పేరు రాసింది. అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉన్నాయి.

ఆ విధంగా మా విశ్వవిద్యాలయంలో ఆధారం ఉన్న గ్రంథం ఒక్కటే మిగిలింది. తక్కినవన్నీ సర్క్యులర్ ప్రకారం ఆధార రహితాలు. ఆ సర్క్యులర్ కూడా, నియమం దానికీ వర్తిస్తుందని తర్వాత దాని కింద చేర్చిన రిఫరెన్సు దీనమ్మదే కాబట్టి, ఆధార రహితమే అయింది. ఈ చివరి సంగతి మృత్యుంజయరావు గారే కనిపెట్టి, సంతోషించాలో విచారించాలో తెలియక కూర్చుండిపోయారు.

విశ్వపతి గారు లేచి మాట్లాడారు. "జ్ఞానము స్వేచ్ఛాజీవి. దానిని గళ్ళలో బంధించుట ఆధునిక దృక్పథము కాదు. కావున రిఫరెన్సులు ఇకపై ఐచ్ఛికములు." హాలంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను. అందరికంటే గట్టిగా కొట్టానేమో. సువార్త గ్రంథం ఆ పూటే పై పరీక్షకులకి పంపించమని ఆయన చెప్పారు. ఆ ఒక్కటీ వెళ్ళకపోతే ఆ ఏడు మా విశ్వవిద్యాలయం నుంచి వెళ్ళే గ్రంథమే లేదు. పరీక్షకులు త్వరగా చూశారు, పట్టా వచ్చింది. చివరి రోజు ఆఫీసు మూసే వేళకి సువార్త ఆ కాలేజీలో కాగితాలు ఇచ్చి, ఉద్యోగంలో చేరింది. పీఠం గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలు పెడుతున్నారు. ఏసీ వాటికి వేస్తున్నారో లేదో నేను కనుక్కోలేదు.

ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం చెప్పి ముగిస్తాను. దీనమ్మకి చేయాల్సిన సన్మానం సంగతి అందరూ మర్చిపోయారు. అత్తాకోడళ్ళిద్దరినీ బస్సు ఎక్కించడానికి నేనే స్టాపు దాకా వెళ్ళాను. సువార్త బస్సు ఎప్పుడొస్తుందో కనుక్కోవడానికి దూరంగా వెళ్ళింది. నేనూ దీనమ్మా బెంచీ మీద కూర్చున్నాం. మబ్బు ఇంకా అలాగే ఉంది. ఆమె ఆకాశం వైపు చూస్తూ, వాన పడితే మడి మళ్ళీ మొదటి నుంచి కట్టుకోవాలని చెప్పింది.

మాట కలపడానికి, "ఆ పాట మొత్తం ఒకసారి పాడతారా" అని అడిగాను. జేబులోంచి కలం కూడా తీశాను.

"కలం ఎందుకయ్యా, ఇనండి ముందు" అని పాడింది. హాల్లో సువార్త పాడినట్టు లేదు. గొంతులో గాలి ఉంది, ఎండ ఉంది. వానొస్తే కరిగేటి దాకా వచ్చి, ఊపిరి కోసం ఆగింది. ఇంతలో బస్సు వచ్చింది. సువార్త పరుగెత్తుకుంటూ వచ్చి సంచీ అందుకుంది.

దీనమ్మ మెట్టు ఎక్కుతూ వెనక్కి తిరిగింది. "మిగతా చరణం మీకు తెలిసిందే గదయ్యా. అమ్మాయి రాసిందంతా మీరే దగ్గరుండి దిద్దారంట గదా."

"అవునండీ" అన్నాను.

బస్సు వెళ్ళిపోయింది. నేను శాఖకి తిరిగి వచ్చి, బీరువాలోంచి సువార్త గ్రంథం నా ప్రతి తీశాను. ప్రతి అధ్యాయం మీదా నా చేతిరాతతో "బాగుంది" అని ఉంది. పడమటి ఎండ లేదు కాబట్టి కిటికీ తెరుచుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను.